కోడలి చెంపకు ఇంతమంది కాపలా

మొన్న మాఘమాసంలో, మంగళవారం, పొద్దున పదకొండుంపావు. ఎమ్మిగనూరులో నా కోడలు నర్సుగా చేసే ఆసుపత్రికి క్యారేజీ తీసుకుని వెళ్లాను. కదల్లేని రోగుల దగ్గర ఇద్దరిని ఉంచి, తక్కిన నర్సులంతా పని ఆపి ముందరి మెట్ల మీద కూర్చున్నారు. నడుమ నా కోడలు. ఎడమ చెంప కందిపోయి ఉంది.

కోసిగి దిక్కు మనిషి ఒకడు, సుగ్గికని గుంటూరు వైపు మిరపకోతలకు వలస పోయినవాడు, తల్లి ఆసుపత్రిలో పడిందని విని పరిగెత్తుకొచ్చాడు. వెంట బంధువుల గుంపు. మంచం దగ్గర ఒక్కరే ఉండాలని కోడలు చెప్పింది. వాడు ఆమె చెంప పగలగొట్టాడు.

ఒకామె నీళ్లు తాగిస్తోంది. ఒకామె ఐసుముక్క గుడ్డలో చుట్టి అద్దుతోంది. పెద్ద డాక్టరు తానే స్టేషనుకు ఫోను చేసి, ఎండలో నిలబడి జీపు కోసం చూస్తున్నాడు. నాకు కడుపు మండింది. కొట్టినవాడి మీద కాదు, కోడలి మీద.

ఆదోనిలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చాకిరీ చేసి ముసలిదాన్నయ్యాను. నన్నూ కొట్టారు. బిడ్డ చచ్చి పుట్టిందని ఒకడు, దుప్పటి ఇవ్వలేదని ఒకడు. పైవాళ్లది ఒకటే మాట: "మొగం కడుక్కోని నేల తుడుసుపో." ఇక్కడ గోడకు బోర్డుంది, సిబ్బంది మీద చేయి చేసుకుంటే కేసని. జుట్టు నెరిశాక నేర్చిన అక్షరాలు కదా, కూడబలుక్కుని చదివాను. నా కాలంలో ఆ బోర్డు లేదు. ఉన్నా నాకు చదవడం రాదు.

అంతలో కొట్టినవాడి ఊరి పెద్దమనుషులు ఇద్దరొచ్చారు. కోడలి వైపు చూడనైనా లేదు. నేను అత్తనని తెలుసుకుని ఆకూవక్క నా ముందుకు చాచారు. అది చేతిలోకి తీసుకుంటే రాజీ కుదిరినట్టే. ఇక కేసు మాట ఎత్తకూడదు.

"అక్కా, తల్లికి బాగలేదని తిక్కతిక్కగా వచ్చినాడు. నువ్వొక మాట సెప్పు. అత్త మాట దాటుతాదా?"

నా బతుకులో నన్నెవరూ ఏదీ అడిగింది లేదు. నేను ఓర్చుకోలేదా, ఇదీ ఓర్చుకోనీ అనిపించింది. చేయి ముందుకు పోయింది.

ఊడ్చే ఆమె కిసుక్కున నవ్వింది. "ఏమవ్వా, ఆకు కనపడితే సాలు, సేయి ఆగదే నీకు!"

కోడలు నవ్వలేదు. "తీసుకో అత్తా. రేప్పొద్దున ఆ వార్డులోకి పోవాల్సింది నేను. ఇంకొగడు కొడతాడు. వాళ్లూ నీకే తెస్తారు ఆకూవక్క."

చేయి వెనక్కి తీసుకున్నాను.

"నాకెందుకప్పా? దెబ్బ తిన్నది ఆ పిల్ల. ఆమెనే అడుగు. నన్ను కొట్టినప్పుడు యాడికి పోయినాయి మీ ఆకూవక్కలు?"

ఆమెను అడిగారు. తల అడ్డంగా ఊపింది. జీపు వచ్చింది, తల్లి మంచం దగ్గరున్న వాణ్ణి ఎక్కించుకుపోయింది. నా కడుపుమంట మాత్రం చల్లారలేదు. ఇప్పటికీ ఆ మెట్లు చూస్తే అసూయే.

ఆ పొద్దు అక్కడ ఎవరెవరున్నారో సాక్ష్యంగా చెప్పి పెడతాను, నన్ను కొట్టిననాడు నా వెనక ఒక్కరూ లేకపోయినారు గనక: కోడలు, ఆమె పక్కన ఐసు అద్దిన నర్సు, నీళ్లిచ్చిన నర్సు, ఆ పూట పనిలో ఉన్న తక్కిన నర్సులందరూ, పెద్ద డాక్టరు, ఊడ్చే ఆమె, ఆకూవక్క తెచ్చిన ఇద్దరు, జీపులో వచ్చిన పోలీసులు, కొట్టినవాడు, వాడి బంధువులు, లోపల మంచం మీద వాడి తల్లి, క్యారేజీతో నేను.