ఆరేళ్ల లాటిన్ ప్లాను

ఇప్పటివాళ్లు నమ్మరు గానీ, రెండువేల సంవత్సరం అటూ ఇటూ రోజుల్లో మా గుంటూరు వైపు పిల్ల పుడితే బారసాలకి ముందే ఎంసెట్ గురించి మాట్లాడుకునేవాళ్లు. ఇంటర్లో చదవాల్సింది పదిలో, పదిలో చదవాల్సింది ఆరులో చదివిస్తే దాన్ని ఫౌండేషన్ అనేవాళ్లు. (పునాది కింద పునాది తవ్వుకుంటూ పోవడమే గానీ ఇల్లెప్పుడు కడతారో ఎవరికీ తెలిసేది కాదు.) అలాంటి రోజుల్లో నేను బీఎస్సీ బోటనీ పాసై, ఏం చేయాలో తోచక ఊళ్లో ఇంటిపట్టున కూర్చున్నాను. ఇరవై రెండేళ్లు. నాకు తెలియనిదేదీ లేదనుకునే వయసు.

మా వెనక వీధి మావయ్య మిరప రైతు. (చుట్టరికం లేదు, పిలుపే.) ఆయన కూతురికి పదేళ్లు. ఇంట్లో అందరూ దాన్ని కందిరీగ అనేవాళ్లు. గుంటూరు హాస్టల్లో వేస్తే మూడుసార్లు పారిపోయి వచ్చింది. రెండుసార్లు బస్సులో, మూడోసారి పత్తి లారీలో, డ్రైవరుకి దారి చెబుతూ. దాంతో మావయ్య "ఇక ఇంట్లోనే చదివిస్తా" అని నన్ను టీచరుగా కుదుర్చుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఓసారి గుంటూరు బ్రాడీపేటలో ఓ డాక్టరుకి నడుంనొప్పి చూపించుకుంటూ, పిల్లని డాక్టర్ని చేయాలంటే ఏం నేర్పించాలని అడిగాడట. ఆ డాక్టరుగారు సరదాకి, "మా చదువులో సగం లాటినే కదండీ, అదే నేర్పించండి" అన్నాడట. మావయ్య బస్సు దిగి సరాసరి మా ఇంటికొచ్చాడు.

"అమ్మాయ్, నీకు లాటిన్ వచ్చా?"

"ఎందుకు రాదు మావయ్యా, డిగ్రీ మూడేళ్లూ అదేగా" అన్నాను. నాకొచ్చినవి మొక్కలకీ, వాటిని తినే పురుగులకీ ఉన్న శాస్త్రీయ నామాలు. అందులో చాలావరకు గ్రీకని కూడా అప్పటికి నాకు తెలియదు.

ఆ ఇంట్లో చెల్లేది మాత్రం కందిరీగ పెదనాన్న మాట. ఆయనకి టౌన్లో పురుగుమందుల షాపు. "ఇంట్లో చదువంటే నోటి మాట కాదు. ఆరేళ్లకీ ప్లాను కాగితం మీద చూపించండి. లేదా దసరా సెలవులు కాగానే పిల్ల హాస్టలుకే" అన్నాడు. అది విన్న కందిరీగ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నాకు నిజంగానే గుండె తరుక్కుపోయి, డ్రాయింగ్ షీటు కొని, రంగు పెన్నులతో ప్లాను గీశాను. మొదటి ఏడు పంటల పేర్లు, రెండో ఏడు కలుపు మొక్కలు, మూడో ఏడు పురుగులు, నాలుగో ఏడు తెగుళ్లు, ఐదో ఏడు మహావృక్షాలు. ఆరో ఏటికి సరుకు అయిపోయింది. "ధారాళంగా లాటిన్ సంభాషణ" అని రాశాను. (ఎవరితోనో భగవంతుడికే తెలియాలి.)

కందిరీగకి ఆ వరస నచ్చలేదు. ముందే పురుగులు కావాలంది. సరేనని భూతద్దం పట్టుకుని రోజూ వాళ్ల మిరపచేలో తిరిగేవాళ్లం. పట్టుకున్న ప్రతి పురుగుకీ పేరు చెప్పేదాన్ని. నెల తిరిగేసరికి ఆ పేర్లు దానికి నోటికొచ్చేశాయి.

విజయదశమి మర్నాడు పెదనాన్న వచ్చాడు. షీటు పైనుంచి కిందదాకా చూసి, "ఏదీ, అప్పజెప్పు" అన్నాడు. కందిరీగ చేతులు కట్టుకుని మొదలెట్టింది. హెలికోవెర్పా ఆర్మిజెరా, స్పోడాప్టెరా లిట్యురా... ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"ఆగాగు. ఇవి మా షాపు గోడకి తగిలించిన పురుగుల అట్ట మీదున్న పేర్లే కదే! ఏమ్మా, ఇది లాటినేనా?"

"లాటినే పెదమావయ్యా" అన్నాను.

"అయితే పదిహేనేళ్ల నుంచీ నేనూ లాటిన్ పండితుణ్ణేనన్నమాట! సరే, నాకు ఆకలేస్తోంది అని లాటిన్లో చెప్పు."

బోటనీలో ఆకలి లేదు. తల దించుకుని, "నాకు రాదు" అన్నాను. మావయ్య మొహం చూడలేకపోయాను. పెదనాన్న షీటు చుట్ట చుట్టేస్తూ, "ఒరేయ్, పిల్ల బట్టలు సర్దు" అన్నాడు తమ్ముడితో.

"పెదనాన్నా" అంది కందిరీగ, "మీరు మొన్న నాన్నకిచ్చిన మందు దేనికి?"

"పై ముడతకి. తామరపురుగు."

"ఆ డబ్బా మీద స్కిర్టోత్రిప్స్ డార్సాలిస్ అనుంది. అదొస్తే ఆకు పైకి ముడుచుకుంటుంది. మన చేలో ఆకులు కిందికి ముడుచుకున్నాయి. అది పాలిఫాగోటార్సోనీమస్ లాటస్. ఆకు రసం పీల్చే నల్లి! ఆ మందు దానికి పనిచేయదు."

అంతటి పేరునీ ఊపిరి తీసుకోకుండా చెప్పింది. పెదనాన్న చెప్పులేసుకుని చేలోకి నడిచాడు, వెనకాలే మేం. ఓ ఆకు తిరగేసి, భూతద్దం పెట్టి, చాలాసేపు చూశాడు. తర్వాత మావయ్యతో, "ఒరేయ్, ఆ డబ్బా వెనక్కి పంపు, వేరే మందిస్తా" అన్నాడు. నా వైపు చూడకుండానే, "పిల్లని ఇంట్లోనే ఉండనీ. ఆ ఆరో ఏడు మాత్రం కొట్టేయించు" అన్నాడు.

అన్నదమ్ములిద్దరూ ముందు వెళ్లిపోయాక, గట్టు మీద నడుస్తూ కందిరీగతో, "నాకు లాటిన్ రాదని ముందే చెప్పాల్సింది, తప్పయిపోయింది" అన్నాను.

"మొదటి వారమే తెలుసు వదినా. గోంగూరకి లాటిన్ పేరు చెప్పావు, గోంగూర కూర బాగుందని లాటిన్లో చెప్పమంటే మంచినీళ్లకని లోపలికెళ్లావుగా!"

"మరి చెప్పలేదేమే?"

"చెబితే నిన్ను మాన్పించేస్తారు. నన్ను హాస్టల్లో వేస్తారు. నువ్వు భయపడతావని నీకూ చెప్పలేదు."

ఆ పిల్లని నేను కాపాడుతున్నాననుకుంటూ నెలరోజులు తిరిగాను. పదేళ్లది నన్ను కాపాడుకుంటూ వచ్చింది.

ఇప్పుడు నేను కాలేజీలో బోటనీ చెబుతున్నాను. తెలియనిది అడిగితే, "తెలియదు, చూసి రేపు చెప్తా" అనేస్తాను. అదే పద్ధతి, పిల్లలు గౌరవిస్తారు కూడా. కానీ అప్పుడప్పుడూ పాఠం మధ్యలో, ఒక్క ముక్క రాని భాషకి ఆరేళ్ల ప్లాను గీసిన ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తుంది. సిగ్గుపడదామనుకుంటాను. తీరా నవ్వొస్తుంది, ఆ వెంటనే ఆమె మీద కాస్త అసూయ కూడా. ఇప్పుడు వచ్చే సెమిస్టరుకి ప్లాను వేయమన్నా, చెరపడానికి వీలుగా పెన్సిల్‌తోనే రాస్తాను.