కంఠతా చదివిన కన్ను

బూర్గంపాడు అంగన్‌వాడీలో ఆయా విశ్రాంతమ్మకు ఒక్కతే కూతురు, అక్సా. ఆరేళ్ల కిందట ఆ పిల్ల ఈ లోకంలోకి తనంతట తాను రాలేదు. దవాఖానాలో పటకార్లు పెట్టి లాగితే వచ్చింది. ఎడమ కన్ను వారం రోజులు వాచి తగ్గింది. తర్వాత్తర్వాత కాస్త మెల్ల కనబడితే, చర్చి ఆడవాళ్లు సమావేశమై మెల్లకన్ను మహా అదృష్టమని తీర్మానించారు. వ్యతిరేకించింది విశ్రాంతమ్మ ఒక్కతే. ఆ ఓటు చెల్లలేదు.

లారీ మీదుండే భర్త శాంతికుమార్ ఫోన్లో విసుక్కున్నాడు. "నీకన్నీ అనుమానాలే! బళ్లె కంటి క్యాంపుల పిల్ల పాసయింది గద."

నిజమే. ఏ కన్ను మూసినా పట్టికలో అక్షరాలన్నీ గడగడా చదివేసింది. ఆదివారం బడిలో బైబిలు కంఠత వాక్యాలకు ఫస్టు ప్రైజు ఎప్పుడూ ఆమెదే.

అయినా విశ్రాంతమ్మ మనసొప్పలేదు. ఓ మధ్యాహ్నం పిల్ల కుడికన్ను అరచేత్తో మూసి, గోడమీది క్యాలెండర్ చూపించింది.

"ఏం కనబడుతుంది, చెప్పు."

అక్సా చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది: "గ, మ, ల, న..."

"అవి అంకెలే బిడ్డా!"

"నాకేం కనబడుతలేదమ్మా."

"మరి క్యాంపుల ఎట్ల చదివినవ్?"

"నా ముందు అందరు చదివిండ్రు గద. సారు అప్పజెప్పుమన్నడనుకున్న."

మర్నాడే తల్లీకూతుళ్లు ఖమ్మం బస్సెక్కారు. పుట్టినప్పటి ఒత్తిడికి నల్లగుడ్డు మీది పొర చీలి చూపు వంకరైందనీ, మెదడు ఆ కన్నును పనిలోంచి తీసేసిందనీ చెప్పింది డాక్టరమ్మ. అద్దాలు రాసింది. మంచి కంటికి రోజూ ఆరుగంటలు పట్టీ వేసి, చెడ్డదానితో పని చేయించాలంది.

"చూపొస్తదా మేడం?"

"కొంత రావచ్చు. మాటివ్వలేను. ఇంకా ముందే తేవాల్సింది."

మంచి కన్ను మూసి పాడుకన్ను తెరిచిపెట్టే తల్లిని ఊరు అంతకుముందు చూడలేదు. విశ్రాంతమ్మ బుద్ధి బాగుపడాలని చర్చిలో ఉపవాస ప్రార్థన పెట్టారు. ఆ కబురు ఆమెకు తప్ప అందరికీ అందింది. పలకరింపులు తగ్గాయి. పట్టీ ఉన్నంతసేపూ అక్సాను ఆటకు పిలిచేవాళ్లు లేరు. పిల్ల గడప మీద, తల్లి వంటింట్లో. నాలుగు నెలలు అట్లాగే గడిచాయి.

ఓ సాయంత్రం, పట్టీ ఇంకా విప్పకముందే, గడప దగ్గర్నుంచి పిల్ల గొంతు వినబడింది.

"అమ్మా, ఏడుస్తున్నవా?"

విశ్రాంతమ్మ గబగబా చెంపలు తుడుచుకుంది. "లేదే. ఉల్లిగడ్డలు కోస్తున్న."

"అవి చిక్కుడుకాయలు," అన్నది అక్సా.