బుచ్చిరాములు విప్పిన బండి

బుచ్చిరాములు చేతికి పానా ఇవ్వకూడదు. ఇచ్చారా, ఏదో ఒకటి విప్పేస్తాడు. విప్పి, లోపల ఉన్నదంతా కళ్లారా చూసి, "ఓహో, గిదా సంగతి!" అని తల ఊపి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంటాడు. మళ్లీ బిగించడమన్న మాట ఆయన జాతకంలోనే లేదు. ఎవరైనా నిలదీస్తే, "ఇప్పేది నేను, బిగిచ్చేది ఇంకోలు. అన్నీ ఒక్కడే చేస్తే ఎట్ల?" అని ఎదురడుగుతాడు.

సూరత్ పక్కన జోల్వాలో మగ్గాల షెడ్ల వెనక ఉన్న గదుల వరసలో ఆయన బాధితులు కానివారు లేరు. పరమేశ్‌కు పెళ్లిలో వచ్చిన గోడ గడియారాన్ని, ఆ టిక్కు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దామని విప్పాడు. టిక్కు దొరికింది, టైము పోయింది. ఇంటి ఓనరు నీళ్ల మోటారు విప్పితే వరస మొత్తం రెండు రోజులు స్నానాలు మానుకుంది. ఒకసారి దవాఖానాలో బీపీ చూస్తుంటే, చేతికి కట్టిన పట్టీ ఎట్లా ఉబ్బుతుందోనని దాని రబ్బరు గొట్టం పీకబోయాడు. ఆయన బీపీ మామూలుగానే ఉంది గానీ నర్సమ్మదే పెరిగింది.

ఆ 'ఇంకోలు' ఎవరో కాదు, బుచ్చిరాములు బావ లింగం. ఇరవై రెండేళ్లుగా బామ్మర్ది విప్పినవన్నీ తిట్టుకుంటూ బిగించింది ఆయనే. లింగం షెడ్డులో జాబరు, అంటే ఆగిపోయిన మగ్గాన్ని మళ్లీ నడిపించేవాడు. వంద మగ్గాలు ఒక్కసారి మోగుతుంటే, అందులో ఏ మగ్గానికి సుస్తీ చేసిందో గుమ్మంలో నిలబడి చెప్పేవాడు. బామ్మర్దిని చూస్తే మాత్రం ఆయనకు ఒళ్లు మండేది. బాగున్న వస్తువును విప్పేవాడి మీద, పాడైనదాన్ని బాగుచేసేవాడికి ప్రేమ ఎట్లా ఉంటుంది?

నాలుగు నెలల కింద షెడ్డులో పాత మగ్గాలు తీసేశారు. కొత్త మిషన్లొచ్చాయి, వాటితోపాటు వాటి మెకానిక్కులూ వచ్చారు. లింగం ఇంటికొచ్చి మంచమెక్కాడు. మొదటి వారం అలసట అనుకున్నారు. రెండో వారం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత గోడకే మాటలు వచ్చాయేమో గానీ ఆయనకు రాలేదు. ఎప్పుడో ఒకసారి మాత్రం, "మగ్గాలతోని నన్ను గూడ భంగార్ల ఏస్తే అయిపోతుండె," అన్నాడు. భంగారంటే పాత ఇనుప సామాను. చేతులతో బతికినవాడికి చేతులు ఊరికే ఉంటే ఎంత కష్టమో, ఆ చేతులు ఉన్నవాడికే తెలుస్తుంది.

"నాతోని కొట్లాట గూడ పెట్టుకుంటలేడు తమ్మీ," అని కనకవ్వ ఒకరోజు తమ్ముడి దగ్గర కంట నీరు పెట్టుకుంది. ఆమె లింగం భార్య, బుచ్చిరాములుకు అక్క. "గీయన గిట్లనే ఉంటే నాకు మనిషి దక్కుతడా?"

బుచ్చిరాములు చాలాసేపు తల గోక్కున్నాడు. "మనిషిని ఇప్పి సూసేటట్టు లేదు గదక్కా," అన్నాడు చివరికి. కళ్లు మూసుకుని వింటున్న లింగానికి, వీడికి ఆ వసతి కూడా ఉంటే తన గతేమయ్యేదోనని భయం వేసింది.

వచ్చిన ఆదివారం కనకవ్వ కూరగాయలకని తమ్ముడితో కడోదరా బజారుకు వెళ్లింది. వచ్చేటప్పుడు టెంపోలో వచ్చింది. టెంపోలో ఆమె, వంకాయలు, బుచ్చిరాములు, ఒక మోటారు సైకిలు. ముప్పై నలభై ఏళ్ల నాటి బండి అది. ట్యాంకు మీద కంపెనీ పేరు ఎప్పుడో రాలిపోయింది. వరసలోని మగవాళ్లంతా చేరి అది ఏ కంపెనీదో తేల్చడానికి గంటసేపు వాదించుకున్నారు.

"బండి నడపరాని మనిషివి, నీకు బండెందుకు బాబాయ్?" అని పరమేశ్ అడిగాడు. బుచ్చిరాములుకు సైకిలు తొక్కడం కూడా రాదు. షెడ్డుకు నడిచే పోతాడు.

"నడుపుడు అందరికొస్తది. లోపటేమున్నదో ఎంతమందికి తెలుసు?"

అన్నం పెడుతూ కనకవ్వ భర్తకు బేరం సంగతంతా చెప్పింది. "భంగార్ దుకాణపాయన రెండు చేతులు జోడిచ్చి, 'చాలు, చాలు' అని మొత్తుకున్నడయ్యా. వీని నస పడలేక ఆయనకే ఇసుగొచ్చింది." లింగం ఆ దుకాణదారు మీద జాలిపడ్డాడు. ఇరవై రెండేళ్లుగా తాను చెప్పలేకపోయిన మాట ఆయన ఒక్క పూటలో చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే బుచ్చిరాములు సరిగ్గా లింగం కిటికీ కింద పాత దుప్పటి పరిచి పని మొదలుపెట్టాడు. సాయంత్రానికి బండి లేదు. దుప్పటి మీద ఏవేవో నూట నలభై ఆరు ముక్కలున్నాయి. రెండో రోజు పొద్దున, రాత్రి డ్యూటీ దిగి వచ్చి ఆయన వాటి మధ్య గొంతుక్కూర్చుని గట్టిగా అరిచాడు. "అక్కా! గీ గుండ్రటి గిన్నె ఏందే? చాయ్ పోసుకునేటట్టున్నది."

"నాకేమెరుక?" అంది పొయ్యి దగ్గర నుంచి కనకవ్వ.

"మరి గీ పొడుగు చిప్ప? దీనికి చాయ్ గిన్నె అతుకుతదా?"

మంచం మీద లింగం కదిలాడు. చెవులు మూసుకున్నాడు, లాభం లేకపోయింది. "అది కార్బురేటర్‌రా సన్నాసీ," అన్నాడు గోడతో. కనకవ్వ రొట్టె తిప్పడం మరిచిపోయింది. మాడిన ఆ రొట్టెను ఆమె ఎంతో ఇష్టంగా తిన్నది.

మూడో రోజు లింగం కిటికీ రెక్క నాలుగు వేళ్ల మందం తెరిచాడు. ఊరికే, గాలి కోసం. బుచ్చిరాములు చైను రెండు చేతులా పట్టుకుని, "గీ గొలుసు ముందటి టైరుకేనా?" అని ఆకాశాన్ని అడుగుతున్నాడు.

"నీ మెడలేసుకో!"

"మెడకు సరిపోతలేదు బావా, సూసిన."

ఐదో రోజున బుచ్చిరాములు సుత్తె పట్టుకున్నాడు. పిస్టన్‌ను తలకిందులుగా పెట్టి, అది లోపలికి పోవడంలేదని కొట్టడానికి చెయ్యెత్తాడు. "అగ్గో! ఆగు! ఆగురా!" అని కేక వేస్తూ లింగం చెప్పుల్లేకుండా ఎండలోకి ఉరికి వచ్చాడు. నాలుగు నెలల తర్వాత గడప దాటానన్న ధ్యాస కూడా ఆయనకు లేదు. సుత్తె గుంజుకుని, పిస్టన్‌ను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బామ్మర్దిని ఏడు తరాల దాకా తిట్టాడు. ఆ తరాల్లో సగం కనకవ్వ పుట్టింటివేనని గుర్తొచ్చాక కాస్త తగ్గాడు.

"అయితే నువ్వే సూపియ్యి బావా," అన్నాడు బుచ్చిరాములు వినయంగా, పక్కకు జరిగి.

ఇక చూడాలి ఆ ఇరవై రోజులు. లింగం పొద్దున్నే దుప్పటి దగ్గర కూర్చునేవాడు. తుప్పు గీకాడు, కిరసనాయిల్లో కడిగాడు, ముక్క ముక్కనూ చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూశాడు. ఒక్కటే చిక్కు. ఆయన అన్నానికి లేచి వెళ్లి వచ్చేసరికి పొద్దున బిగించిన నట్లు రెండు మూడు ఊడి ఉండేవి.

"ఎందుకిప్పినవ్‌రా?"

"నువ్వు సరిగ్గ బిగిచ్చినవా లేదా అని సూసిన."

"నాకు పరీక్ష పెడుతున్నవా? నాకు?"

అని మళ్లీ బిగించి, ఆ కోపంలో మూడు రొట్టెలు తినేవాడు. ఉప్పు తక్కువైందని కనకవ్వతో కొట్లాట పెట్టుకున్న రోజున ఆమె ఎదురుగదుల వాళ్లందరికీ బెల్లం పంచింది.

బండి నిలబడింది. అన్నీ కుదిరాయి, కిక్కు రాడ్డును వెనక్కి లాగే స్ప్రింగు ఒక్కటి కనిపించలేదు. బుచ్చిరాములు విప్పినప్పుడు అది ఎగిరి మురికి కాలువలో పడిందట.

"కడోదరల భంగార్ దుకాణంల దొరుకుతది. నేను తెస్త," అన్నాడాయన కంగారుగా. "నువ్వు పోకు బావా, ఎండ మస్తున్నది."

నలభై ఏళ్లు సూరత్ ఎండ తిన్నవాడికి ఎండ గురించి చెబుతాడేమిటని లింగానికి ఒళ్లు మండింది. ఆ వారం బామ్మర్దికి పగటి డ్యూటీ. వాడు షెడ్డుకు పోగానే షేరింగ్ ఆటో ఎక్కి తానే కడోదరా వెళ్లాడు.

దుకాణదారు వయసు మళ్లిన గుజరాతీ ఆయన. స్ప్రింగుల డబ్బా వెతుకుతూ, ఏ బండికని అడిగాడు. లింగం చెప్పాడు. నెల కింద జోల్వా బుచ్చిరాములు తీసుకుపోయిన బండి, పాడైపోయిన బండి, దాన్ని తాను బాగు చేస్తున్నానని కొంచెం గర్వంగానే చెప్పాడు.

దుకాణదారు వెతకడం ఆపేశాడు. "పాడైందా? చాలు జ్ హతీ, కాకా! చాలు!"

బండి నడుస్తూనే ఉండేదంటున్నాడు. చాలు అంటే గుజరాతీలో నడుస్తున్నదని అర్థం. ఆ మాట లింగం నలభై ఏళ్లుగా రోజుకు వందసార్లు విన్నాడు, అన్నాడు. ఫలానా మగ్గం చాలు, ఫలానాది బంద్. కానీ ఆ రోజు భార్య అన్నం వడ్డిస్తూ చెప్పింది కాబట్టి, పెరుగు వద్దన్నప్పుడు అనే తెలుగు చాలే అనుకున్నాడు.

దుకాణదారు హిందీలోకి దిగి కసి తీరా చెప్పాడు. అది వాళ్ల నాన్న బండి. పెట్రోలు ఎక్కువ తాగుతుందని ఎవరూ కొనలేదుగానీ, ఒక్క కిక్కుకు అందుకునేది. మీవాడు వచ్చి, ఆగిపోయిన బండ్లు మూడు చూపిస్తే వద్దన్నాడు. వాటిలో సగం సామాను లేదు, ఎంత చేసినా లేవవు, బాగుచేసేవాడి మనసు విరుగుతుందన్నాడు. ప్రతి బండి దగ్గరా ఒకటే ప్రశ్న: విప్పితే ఎన్ని ముక్కలవుతుంది? ఈ బండికే ఎక్కువ ముక్కలని తెలిసి దీన్ని పట్టుకున్నాడు. "నేను చేతులు జోడించాను కాకా. చాలు బండి, చాలు, దీన్ని విప్పకయ్యా అన్నాను. వింటేనా!"

లింగం స్ప్రింగు జేబులో వేసుకుని ఆటో ఎక్కాడు. ముందు బాగా కోపం వచ్చింది. తనను చిన్నపిల్లవాడిని చేసి ఆడించాడు వీడు! పల్సానా రోడ్డు దాటేసరికి నవ్వు మొదలైంది. సుత్తె ఎత్తిన భంగిమ గుర్తొచ్చింది, మెడకు చైను కొలుచుకున్న మనిషి గుర్తొచ్చాడు. తనలో తనే కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. పక్కన కూర్చున్నావిడ సంచీ దగ్గరికి లాక్కుని కొంచెం జరిగింది. ఇంతటి పిచ్చివాడు తనకు బామ్మర్ది అయినందుకు లింగానికి మొట్టమొదటిసారి సంతోషం వేసింది.

సాయంత్రం బుచ్చిరాములు షెడ్డు నుంచి వచ్చేసరికి లింగం స్ప్రింగు బిగించేశాడు. ఒక్క కిక్కుకు బండి అందుకుంది. వరసంతా నీలిపొగ కమ్మింది, పిల్లలు దగ్గారు, పరమేశ్ తన బండి కూడా తోసుకొచ్చి, "పెద్దనాయినా, దీన్ని గూడ జర సూడు," అని పక్కన నిలబెట్టాడు.

బుచ్చిరాములు నోరు తెరిచి, తన జన్మలో బండి అన్నదాన్ని చూడనట్టు చూశాడు. "కమాల్ జేసినవ్ బావా! పానం లేని బండిని లేపినవ్!"

"అవునవును," అన్నాడు లింగం బండి ఆపుతూ. "కడోదర పోయొచ్చిన."

బుచ్చిరాములు మొహం వాడిపోయింది. కాలి బొటనవేలితో నేల గీశాడు. లింగం పానా తుడిచి పక్కన పెట్టి, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒక్కటడుగుత, నిజం జెప్పు. గింత జేసినా నేను బయటికి రాకపోతే ఏం జేద్దువురా?"

"ఏమున్నది బావా, మీ ఇంట్ల ఫ్యాను ఇప్పుదామనుకున్న."

"ఫ్యానా? గీ ఎండలల్లనా?"

"గందుకే గద! ఉడకపోస్తే నువ్వే బయటికొస్తువు."

గుమ్మంలో నిలబడి వింటున్న కనకవ్వ గబగబా లోపలికి వెళ్లింది. ఫ్యాను కింద ఉన్న స్టూలు తీసి మంచం కిందికి తోసింది.