మట్టం గారి కారూ, వెనక కడ్డీ

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, దాన్ని వాడే పుణ్యాత్ములు లేరు. పటాలు కట్టే దుకాణం ఆయనది. ఎవరింటికి వెళ్ళినా గోడ మీద పటం వంకరగా కనిపిస్తే ప్రాణం ఒప్పదు. జేబులోంచి రసమట్టం తీసి, ఆ గాజుగొట్టంలోని బుడగ నట్టనడుమకు వచ్చేదాకా పటాన్ని సర్ది గానీ కుర్చీలో కూర్చోరు. అత్తవారింట్లో తొలిసారి అడుగుపెట్టిన రోజే మామగారి ఫోటో సరిచేశారని బావమరిది ఇప్పటికీ దెప్పుతాడు. అలా ఊరందరికీ ఆయన మట్టం గారయ్యారు.

ఇంత తిన్నని మనిషి కొన్న కారు మాత్రం అంత బుద్ధిమంతురాలు కాదు. నడివయసులో, ఇంట్లోవాళ్ళు వద్దు మొర్రో అంటున్నా, ఎర్రటి చిన్న కారు ఒకటి కొన్నారు. చూడటానికి సంసారపక్షంగానే ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే తాడు తెంచుకున్న దూడే.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఆయన గొంతు మెత్తబడుతుంది. ఆదివారం పొద్దున్నే భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చివర గుట్టల మీది వంకర రోడ్డు ఎక్కేవారు. ఆవిడ ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. "లైన్లో ఉండండి" అంటూ వారమంతా ఒకరి మాటలు ఇంకొకరికి కలపడమే పని. ఇంటికొస్తే ఊఁ, ఆఁ తప్ప మాట పెగిలేది కాదు. అదేం చిత్రమో, కారెక్కితే మాత్రం గలగలా మొదలుపెట్టేది. ఎవరు ఎవరితో అలిగారు, ఏ పెద్ద డాక్టరు ఫోనులో పెళ్ళాన్ని బతిమాలుకున్నాడు, చిన్నప్పుడు తను ఏ గోడ దూకి ఎవరి చేత తిట్లు తిన్నది, అన్నీ ఆ రోడ్డు మీదే. మధ్యలో "మెల్లిగా" అనేది, ఆ వెంటనే "ఎందుకంత మెల్లిగా" అనేది. పెళ్ళాం మాటలు వినడానికి పెట్రోలు పోయించుకునే మొగుడు లోకంలో మా బావ ఒక్కడేనని బావమరిది అనేవాడు. చెప్పొద్దూ, అందులో అబద్ధం లేదు.

తరవాత ఆవిడకు చెవి జబ్బు చేసింది. మంచం దిగితే గదంతా గిర్రున తిరిగేది. చెవి లోపలి నీరు మనిషిని నిలకడగా ఉంచుతుందనీ, అది గాడి తప్పిందనీ డాక్టరు చెప్పారు. మందులతో నెమ్మదించింది, మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళింది. కారు దగ్గరికి వచ్చేసరికే చిక్కు. మట్టం గారు నత్తనడకన నడిపారు, అడుగడుగునా కుశలం అడిగారు. అయినా కొన్ని ఆదివారాలు వచ్చి, ఆపైన "మీరు వెళ్ళిరండి" అనేసింది. ఆయన ఒక్కరే వెళ్ళేవారు, పక్క సీటు ఖాళీ. ఇంట్లో ఎలాగూ మాటల్లేవు, ఇప్పుడు రోడ్డు మీదా లేవు. ఆ దిగులు ఎవరితో చెప్పుకునేది కాదు.

ఆలోచించి ఆలోచించి ఆయన తప్పంతా కారు మీదికి నెట్టారు. మలుపులో ఒరుగుతోంది, అందుకే ఆవిడకు పడటం లేదు. ఒరగని కారు కావాలి. బావమరిదికి కార్ల కింది పనులు చేసే షెడ్డు ఉంది. తిన్నగా అక్కడికే పోయారు.

"దానికేం రోగం బావా, గుర్రంలా ఉంటేనూ," అన్నాడు బావమరిది.

"మలుపులో ఒరుగుతోందిరా. మీ అక్క కోసం అడుగుతున్నాను, ఒరక్కుండా చెయ్యి."

అక్క పేరెత్తేసరికి అతను వేళాకోళం మానేశాడు. కారును పైకెత్తి, వెనక ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీ చూపించాడు. "దీన్ని స్వే బార్ అంటారు. కారు ఒక పక్కకు వాలబోతే ఇది మెలిపడి పట్టుకుంటుంది. ఎంత లావైతే అంత గట్టిగా పట్టుకుంటుంది." బల్ల మీద ఇంకో రెండు కడ్డీలు పెట్టాడు. ఒకటి కంపెనీవాళ్ళు వేసినదానికంటే కాస్త లావు, రెండోది బాగా లావు.

"లావుదే వెయ్యి."

"ఊరికే రాదు బావా. ఒక చక్రం గుంటలో పడితే రెండోది కూడా ఎగిరిపడుతుంది. పైగా ఇది ముందు చక్రాలు లాగే బండి, తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారి తోక జాడిస్తుంది. నడిమిది చాలు."

సరే అని నడిమిదే వేయించుకున్నారు గానీ, మట్టం గారికి కంటి మీద నమ్మకం ఎక్కడిది? కారులో స్టీరింగు పక్కన డాష్‌బోర్డు మీద రసమట్టం అడ్డంగా అతికించి గుట్టల రోడ్డు ఎక్కారు. మలుపు తిరగ్గానే బుడగ ఓ చివరికి పరుగెత్తింది. వెనక్కి వచ్చి లావు కడ్డీ వేయించారు. కారు పీట వేసినట్టు ఒరక్కుండా తిరిగింది, గుంతల్లో పళ్ళు పటపటలాడాయి, బుడగ మాత్రం మళ్ళీ చివరికే పోయింది.

"పనికిమాలిన సరుకు అంటగట్టావు," అని షెడ్డులో విరుచుకుపడ్డారు. "బుడగ ఇసుమంతైనా తగ్గలేదు."

"ఏ బుడగ?" అని బావమరిది కారులోకి తల దూర్చాడు. చూసి, సీటు మీద పడి నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. కారు ఎంత మట్టంగా ఉన్నా మలుపు మలుపే కదా బావా. గ్లాసుతో నీళ్ళు పట్టుకుని కూర్చో, నీళ్ళు ఓ పక్కకు పోకుండా ఉంటాయా? ఏ కడ్డీ వేసినా అంతే."

మట్టం గారు నవ్వలేదు. ఆవిడ చెవిలో ఉన్నదీ నీరే. అది కూడా ప్రతి మలుపుకీ పక్కకు పోతుందన్నమాట, ఏ కడ్డీకీ దాన్ని ఆపడం చేతకాదన్నమాట. "నడిమిదే మళ్ళీ పెట్టెయ్," అని స్టూలు మీద కూలబడ్డారు. ఆయన మొహం చూసి బావమరిదికి నవ్వు పోయింది. అతను రసమట్టం ఊడదీసి ఆయన చేతిలో పెట్టి, అవతలికి వెళ్ళి ఆసుపత్రికి ఫోను చేసి జరిగిందంతా చెప్పాడు. ఎత్తేది అక్కే కదా.

డ్యూటీ దిగి ఆవిడ నేరుగా షెడ్డుకే వచ్చింది. కారు తలుపు తీసి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. "పదండి."

గుట్టల రోడ్డు వచ్చింది. మొదటి మలుపులో మట్టం గారు ఆవిడ వైపు చూశారు. "తిరుగుతోందా?" లేదంది. రెండో మలుపులో మళ్ళీ చూశారు. మూడోదాంట్లో అడగబోతుంటే "ఆపండి" అంది.

ఆయన కారు పక్కకు తీశారు.

"నాకు తల తిరగడం మానేసి ఏడాది పైనే అయింది," అందావిడ.

"మరి ఎందుకు రావు?"

"ప్రతి మలుపుకీ నా మొహం చూస్తారు. ఇంట్లో బాగానే ఉంటాను, ఆసుపత్రిలో బాగానే ఉంటాను. ఈ కారెక్కితే మాత్రం రోగిష్టిదాన్ని. ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిస్తే తిరుగుతోందా అంటారు. ఇంకేం చెప్పను మీకు?"

ఇన్నాళ్ళూ ఆయన కారు నడుం కింద వెతికిన దోషం తన మెడ మీదే ఉంది. గేరు వేశారు. తరవాతి మలుపు మునుపటిలాగే, వేగం తగ్గకుండా తీసుకున్నారు. మెడ అటు తిరగాలని ఎంత పీకిందో ఆయనకే తెలుసు, తిప్పలేదు. ఇంకో మలుపు. పక్కనుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇంకోటి.

"మా కొత్త సూపర్నెంటు లేడూ," అని మొదలుపెట్టింది ఆవిడ. "నిన్న ఫోనులో వాళ్ళమ్మ చేత తిట్లు తిన్నాడు. టోపీ పెట్టుకోకుండా ఎండలోకి వెళ్ళాడట." చెబుతూ తనే నవ్వింది. "వింటున్నారా?"

"ఊఁ, చెప్పు."

ఆయనకు ముందున్న రోడ్డు మసకగా కనిపిస్తోంది. కళ్ళు తుడుచుకుంటే ఏమైందని ఆవిడ మాట ఆపి అడుగుతుందేమోనని, తుడుచుకోకుండానే నడిపారు.