ఆ గ్రహాన్ని చెరిపింది నేనే

“నువ్వే త్రో చేశావ్ మమ్మీ. టేబుల్ క్లీన్ చేశావ్ కదా.”

“ముట్టుకోలేదన్నానా? మంచం కింద చూడు. నీ చెప్పులే నీకు దొరకవు, నన్నంటావేం?”

“రేపు స్కూల్లో చూపించాలి. నా ప్లానెట్ మొత్తం ఆ టేప్‌లోనే ఉంది.”

చిక్కుడుకాయలు ఒలుస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. టేప్‌లోనా? టీవీ పక్కనున్న కంప్యూటర్ పెట్టెలో ఉంటుందని కదా నేననుకున్నది?

అప్పటినుంచీ ఈ బరువు మోస్తూనే ఉన్నాను. మీరెవరో తెలియదు కనుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో మిషిగన్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉండేదాన్ని. మనవరాలు అనిత కంప్యూటర్‌లో ఒక ఆట తయారుచేసింది. గాలి లేని గ్రహం. రాకెట్ పాడై అక్కడ చిక్కుకున్న మనిషి బతకాలి. మట్టిలోంచి నీలం జీవులు లేచి వస్తాయి. పరుగెత్తితే మింగేస్తాయి, కదలకుండా ఉంటే నీళ్లున్న చోటు చూపిస్తాయి. నాకు నాలుగు మీటలు నేర్పి, “ఆక్సిజన్ వేస్ట్ చెయ్యకు నానమ్మా, డై అయిపోతావ్” అనేది. నాకా పొదుపు నేర్పేది? ఆ ఆటలో మా అబ్బాయి చచ్చిన చోట నేను బతికి బయటపడేదాన్ని. పిల్ల పడీపడీ నవ్వేది. మందలించడం తప్ప ముద్దుచేయడం చేతకాని నాకు, దాని పక్కన కూర్చునే వీలు ఆ ఒక్క ఆటలోనే దొరికింది.

నాది మూడో తరగతి చదువు. ఉత్తరం రాయలేక, మా చెల్లెలికి మాటలు టేపు చేసి పంపేదాన్ని. ఆ వారం ఇండియా వెళ్లేవాళ్లు దొరికారు. బల్ల మీదున్న క్యాసెట్‌ని రికార్డర్‌లో పెట్టి విన్నాను. చెవులు పగిలే కీచుమనే చప్పుడు తప్ప పాట లేదు, మాట లేదు. పాడైందనుకున్నాను. అప్పటి కంప్యూటర్లు ఆటని క్యాసెట్ మీద ఆ చప్పుడుగానే దాచేవని నాకేం తెలుసు? కొత్తది దండగెందుకని దాని మీదే మాట్లాడి పంపేశాను. ఏం మాట్లాడానో తెలుసా? ఆ గ్రహం గురించే. అక్కడ నేనెలా బతికానో గొప్పగా చెప్పుకుంటూ, దాన్నే చెరిపేశాను.

తెలియక చేసినదానికి తప్పేముందంటారేమో. తప్పు ఆ తర్వాతది. తల్లీకూతుళ్లు నా ఎదుటే అరుచుకుంటుంటే నేను నోరు విప్పలేదు. ఎందుకు? రోజూ నేను పొదుపు పాఠాలు చెప్పే కోడలి ముందు తలవంచాలనా, లేక పిల్ల నన్నిక పక్కన కూర్చోనివ్వదనా? ఎంత తవ్వుకున్నా రెండూ నిజమే. ఊరుకున్నా బాగుండేది. “మీ అమ్మ ఇంట్లో ఏదీ ఉంచదులే” అన్నాను.

కోడలు విజయ నావంక చూసింది.

క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆ మాటన్నది నేనని, తెలిసే అన్నానని ఒకచోట చెప్పాలి, అంతే. చెప్పాక కాస్త తేలికగా ఉంది.

మర్నాడు పొద్దున విజయ కూతురి పక్కన కూర్చుని, “నేనే పారేశానేమోనే. సారీ” అంది. అనిత తలెత్తలేదు. గిన్నెలో పాలు పోసుకున్న సీరియల్ సగంలో వదిలేసి వట్టి చేతులతో బస్సెక్కింది. విజయ ఆఫీస్‌కి వెళ్లిపోయింది. ఆ గిన్నెలో మిగిలింది పారబొయ్యకుండా నేను తినేశాను.