అరచేతిలో పిడి

షెడ్డులో ఆమెను పేరు పెట్టి పిలిచేవారు లేరు. ఎదురుపడితే 'అక్కా' అంటారు, వెనక్కి తిరిగితే 'మొండిఘటం' అంటారు. ఆ రెండో పిలుపు ఆమె చెవిన పడకపోలేదు. పడినా కోపం రాలేదు సరికదా, "మెత్తగా ఉంటే మీరు నన్నీపాటికి నమిలి మింగేసేవాళ్ళు" అని నవ్వేసేది.

ఆమె నడిపే డీజిల్ ఇంజనుకు మాత్రం ముద్దుపేరుంది. పిన్ని. బొగ్గు ఇంజన్ల కాలం పోయి డీజిల్ కొత్తగా వచ్చిన రోజుల్లో షెడ్డుకు మొదట వచ్చిన భారీ రకాన్ని అందరూ 'పెద్దమ్మ' అన్నారు. తర్వాత వచ్చిన తేలిక రకం సహజంగానే 'పిన్ని' అయింది. మొద్దుముక్కు, పొడుగాటి ఒళ్ళు, ఆ ఒంటి బరువును ఆరు ఇరుసుల మీద సర్దుకుని నిదానంగా పోయే నడక. పెద్ద లైన్ల వాళ్ళు దాన్ని చూసి పెదవి విరిచారు. బలం చాలదన్నారు, వేగం లేదన్నారు. సన్నటి పట్టాలు, ముసలి వంతెనలు ఉన్న చిన్న లైన్లే ఆ రకాన్ని అక్కున చేర్చుకున్నాయి. ఉప్పు మోసే లైను, రాతిక్వారీ లైను, కలప లైను, ఈ కొండ లైను. తర్వాత ఒక్కో లైనూ మూతపడుతుంటే ఒక్కో ఇంజనూ గ్యాస్ కట్టర్ కింద తుక్కయిపోయింది. ఆఖరికి మిగిలింది కొండ లైను మీద తిరిగే ఈ పిన్ని ఒక్కతే.

ఇంజను ముందుకు పోవాలో వెనక్కి పోవాలో చెప్పేది ఒక చిన్న ఇనుప పిడి. దాన్ని ఊడదీస్తే ఇంజను ఎంత గర్జించినా జానెడు కదలదు, ఇంకో రకం ఇంజను పిడి దానికి పట్టదు. ఆ షెడ్డులో డ్యూటీ దిగేవాడు ఆ పిడిని ఎక్కేవాడి అరచేతిలో పెట్టి 'బండి నీది' అనాలి. ఆ మాట పడేదాకా ఇంకొకడు బండిని ముట్టుకోడు. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. రూలు పుస్తకాన్ని తలకింద పెట్టుకుని కునికేవాళ్ళు కూడా దీన్ని మాత్రం తప్పరు.

ఆమె ఇంజన్లు కడిగే పనిలో చేరి, డ్రైవరు పక్కన సహాయకురాలై, ముక్కుతూ మూలుగుతూ పరీక్షలన్నీ గట్టెక్కి డ్రైవరైంది. మొదటి రోజు డ్యూటీ దిగుతున్న మీసాల డ్రైవరు పిడిని సీటు మీద పడేసి చక్కా పోయాడు. ఆడదాని చేతిలో పెట్టడానికి మహానుభావుడికి చేయి రాలేదు. ఆమె ఇంజను మెట్టు మీద చేతులు కట్టుకుని కూర్చుంది. సిగ్నల్ పడింది. జనం కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు. స్టేషన్ మాస్టరు ఒంటికాలి మీద లేచాడు.

"పిడి సీటు మీదే ఉందిగా, తీసుకోమ్మా!"

"పడేసినవి ఏరుకోడానికి రాలేదు సార్. చేతిలో పెట్టమనండి."

చివరికి టీకొట్టు నుంచి ఆ డ్రైవర్ని లాక్కొచ్చారు. అతను మొహం గంటు పెట్టుకుని పిడిని ఆమె అరచేతిలో పెట్టి ఏదో గొణిగాడు. "వినపడలేదన్నా" అంది. "బండి నీది" అని గట్టిగా అన్నాడు. బండి ఆలస్యం చేసినందుకు శిక్ష ఆమెకే పడింది. పడితే పడిందనుకుంది. ఆ తర్వాత షెడ్డులో ఎవరూ ఆమెకు సీటు మీద పిడి వదిలి పోలేదు. ఆ మీసాల డ్రైవరే ఇప్పుడు షెడ్డుకు ఫోర్‌మన్. మీసాలు నెరిశాయి, 'అమ్మాయ్' అని పిలిచే చనువూ వచ్చింది.

ఇలా ఏళ్ళు గడిచాక ఒక వేసవిలో కొత్తగా పెద్దసారు వచ్చాడు. వస్తూనే కొండ లైను మూసేస్తున్నామన్నాడు. కొత్త ఇంజన్ల బరువును కొండ దారిలోని వంతెన మోయలేదు, కొత్త వంతెన కట్టే ఉద్దేశం లేదు, పాత ఇంజను ఇంకెన్నాళ్ళు అన్నాడు. రేపు ఆఖరి ట్రిప్పు నడిపి, తిరిగొచ్చాక పిన్నిని నేరుగా కోత యార్డుకు తీసుకెళ్ళమని ఆమెతోనే చెప్పాడు.

"కొండ మీద వాళ్ళ సంగతేంటి సార్?"

"బస్సులున్నాయి కదా."

"వానల్లో రోడ్డు జారి లోయలో పడుతుంది సార్. ఏటా పడుతుంది."

"అది తర్వాత చూద్దాం."

ఆమె ఇంటికొచ్చి ముందుగదిలో కుట్టుమిషన్ దగ్గరున్న భర్త ఎదుట కూలబడింది. ఆయన దర్జీ. మాట తక్కువ మనిషి.

"పిన్నిని నేనే తోలుకెళ్ళి కోతకి అప్పజెప్పాలట. నా చేత్తో."

ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ ఆమె మొహం చూశాడు. "నీ బుర్రలో ఏదో ఉడుకుతోంది. ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చు."

"సరే. ఖాళీ కడుపుతో గొడవ పెట్టుకోకు. తిని వెళ్ళు."

మర్నాడు పిన్ని వంతెన దాటి, కొండ ఎక్కి, పైస్టేషన్‌లో ఆగింది. జనం దిగారు. కిందికి పోవాల్సినవాళ్ళతో ఆమె, "ఏమనుకోకండి, ఇవాళ బస్సెక్కండి" అంది. ఇంజను ఆపింది, పిడి ఊడదీసి సంచిలో వేసుకుంది, తానూ వాళ్ళతోపాటు బస్సెక్కి కిందికి వచ్చేసింది.

అంతే. పిన్నిని కిందికి లాక్కురావాలంటే ఇంకో ఇంజను పైకి వెళ్ళాలి. వెళ్ళాలంటే వంతెన దాటాలి. ఆ వంతెన దాటగలిగే ఇంజను పిన్ని ఒక్కతే. ఈ సంగతి అర్థమవగానే పెద్దసారు ఆమెను పిలిపించాడు.

"పిడి ఎక్కడ?" అని గుడ్లురిమాడు.

"నా దగ్గరే ఉంది సార్. పోయిందని అబద్ధమెందుకు చెప్పాలి? ఇవ్వను."

ఆమెను ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. ఇంకో పిడి చేయించమని ఫోర్‌మన్‌కు ఆర్డరు వేశారు. "లేతు మిషను పాడైంది సార్" అన్నాడతను. అతని వెనకే లేతు గిర్రున తిరుగుతోంది. వేరే డ్రైవర్లను పైకి పొమ్మంటే ఒకడికి నడుం నొప్పి, ఒకడికి మామగారికి సీరియస్. పెద్దసారు బుజ్జగించాడు, బెదిరించాడు. ఎవరూ లొంగలేదు.

పిడి ఆమె ఇంట్లో కత్తెరల పెట్టెలో చేరింది. బ్యాటరీ చచ్చిపోకుండా ఆమె ఆదివారం ఆదివారం బస్సులో పైకి వెళ్ళి, పిన్నిని కాసేపు ఉన్నచోటే గుడగుడలాడించి వచ్చేది. వారం వారం పుట్టింటికి పోయొస్తున్నట్టుందని దర్జీ వేళాకోళం చేసేవాడు. కానీ ఆ ఏడు వానలు వేళకు రాలేదు, కొండ మీదికి బస్సులు హాయిగా తిరుగుతూనే ఉన్నాయి. మిషన్ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో సంపాదన లేదు. ఇంతా చేసి అందరి ముందూ పిచ్చిదాన్నవుతానేమోనని ఆమె భయపడింది. నిజంగానే భయపడింది. అయినా పిడి ఇవ్వాలని మాత్రం అనిపించలేదు.

వాన ఆలస్యంగా వచ్చినా కుండపోతగా వచ్చింది. రోడ్డు సగం లోయలోకి జారింది. పైన మందులు అయిపోయాయి, పిండి అయిపోయింది, నెలలు నిండిన ఆడవాళ్ళు దిగే దారి లేక ఇరుక్కుపోయారు. ఊరంతా పెద్దసారు ఆఫీసు ముందు చేరింది. సాయంత్రానికి ఆయన ఫోర్‌మన్‌ను వెంటేసుకుని, తడిసి ముద్దయి, దర్జీ గుమ్మంలో నిలబడ్డాడు.

"రోడ్డు బాగయ్యేదాకా బండి నడపండి. వంతెన దాకా పట్టాల మీద తోసుకెళ్ళే ట్రాలీ పెట్టిస్తాను, అక్కణ్ణుంచి నడిచి ఎక్కుదురుగాని."

"బాగయ్యాక?"

"అది తర్వాత..."

"తర్వాత అని వేసవిలో కూడా అన్నారు సార్."

 ఆమె కత్తెరల పెట్టెలోంచి పిడి తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇది మీది. కాదని నేనెప్పుడూ అనలేదు. ఇప్పుడు నాకివ్వండి."

ఆయన హమ్మయ్య అనుకుని దాన్ని కుట్టుమిషన్ బల్ల మీద పెట్టాడు. ఆమె చేతులు కట్టుకుని అలాగే నిలబడింది. దర్జీ మిషన్ ఆపేశాడు.

ఫోర్‌మన్ దగ్గాడు. "అక్కడ కాదు సార్. ఒకప్పుడు నేనూ ఆ తప్పే చేశాను. అరచేతిలో పెట్టి 'బండి నీది' అనాలి."

"అంటే ఏమవుతుంది?"

"అమ్మాయి తిరిగిచ్చేదాకా బండి అమ్మాయిదే సార్. మా షెడ్డులో ఇంకెవడూ చెయ్యి వెయ్యడు. కట్టర్ పట్టేవాళ్ళూ మా షెడ్డు వాళ్ళే."

పెద్దసారు ఆమె వంక చూశాడు, బయట కురుస్తున్న వాన వంక చూశాడు. పిడి అందుకుని ఆమె అరచేతిలో పెట్టి, పెదవులు కదిలీ కదలనట్టు ఏదో అన్నాడు.

"వినపడలేదు సార్."

"బండి నీది!"

ఆమె గొడుగు తీసుకుని బయల్దేరింది. దర్జీ మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు.

రోడ్డు ఎప్పుడో బాగయింది. పిడి అప్పగించమని పెద్దసారు అప్పుడప్పుడూ ఫోర్‌మన్‌తో కబురు పంపుతూనే ఉంటాడు. ఇంకా ఇవ్వాలనిపించలేదని చెప్పమంటుంది ఆమె. చెప్పి, కొండ మీదికి బండి తీసుకుపోతుంది.