చుక్క పెట్రోలు లేని మోటారు మీద వేగం కేసు

మా ఆవిడ తమ్ముడు పైడయ్య రంగూన్‌లో మోటారు మరీ వేగంగా తోలాడని పోలీసులు కేసు పెట్టారు. ఆ సమయానికి ఆ మోటారులో పెట్రోలు చుక్క లేదు. ఈ రెండు ముక్కలూ ఒక్క గుక్కలో చెప్పినవాడు రంగూన్ స్టీమరు దిగి వచ్చిన మా వీధి చుట్టల వ్యాపారి. అతను ఇంకా కాళ్ళు కడుక్కోలేదు, మా ఆవిడ అప్పుడే నా ట్రంకు పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

"భీమిలి భీమిలంతా మీ కోతలు నమ్ముతాది గదా! ఎల్లి ఆ మేజిస్ట్రీటు దొర కాడ కూడా కొయ్యండి," అంది.

"నేనెప్పుడు కోతలు కోశాను?"

"పెద్ద సేప మిమ్మల్ని నమిలి, ఉప్పు సాల్లేదని ఊసీసిందని సెప్పింది ఎవులు మరి?"

అది నిజంగా జరిగిందే. ఆ చేప ఇంకా బతికే ఉంది, కావాలంటే అడగవచ్చు. కాని ఆవిడ గొంతులో హాస్యం లేదు. పైడయ్య రంగూన్‌లో చాలా ఏళ్ళు రిక్షా లాగి, ఆ తరవాత మోటారు నేర్చుకుని, ఒక బర్మా కలప వ్యాపారి దగ్గర డ్రైవరుగా కుదిరాడు. కేసు ఓడితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే మళ్ళీ రిక్షా కాడి కిందికి దూరాలి. స్టీరింగు పట్టిన చేతులు మళ్ళీ కాడి పట్టడం ఎంత కష్టమో ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు తెల్లవారుజామునే భీమిలి రేవులో నాటుపడవ ఎక్కి, అల్లంత దూరాన ఆగిన స్టీమరు చేరాను. డెక్కు టిక్కెట్టు కొనేవాళ్ళకు ఒక సలహా: చాప, చెంబు, అటుకులు, చింతకాయ పచ్చడి వెంట ఉంచుకోండి. మిగతావన్నీ పక్కవాళ్ళ దగ్గర ఉంటాయి. జనం ఎంత కిక్కిరిసి ఉన్నారంటే, నిద్రలో ఒకడు పక్కకు తిరిగితే వరస వరసంతా తిరగవలసి వచ్చేది. చివరివాడు ఇనప గోడకు గుద్దుకుని, "ఎవుడ్రా మొదలెట్టినోడు?" అని కేకేసేవాడు. నా పక్కన కళింగపట్నంలో ఎక్కిన ఎల్లమ్మ అనే ముసలమ్మ, కొడుకును చూడబోతోంది. నేను ఎందుకు వెళుతున్నానో చెప్పాను.

"పెట్రోలు నేకండా మోటారు పరిగెట్టీసిందా బాబూ?"

"అవునమ్మా."

"అయితే మంచి బండే గదా! కేసెందుకు, కొనీసుకోక?" అంది.

నాలుగు రోజుల నీళ్ళ తరవాత రంగూన్ నది కనిపించింది. డాక్టరు పరీక్షా, టీకా సూదీ ముగించుకుని ఒడ్డున పడేసరికి ఉదయం తొమ్మిది దాటింది. పైడయ్య జెట్టీ మీదే ఉన్నాడు. చేతిలో హారను రబ్బరు బుడ్డి మాత్రం ఉంది.

"బండేదిరా?"

"తామ్వే పేటలో షెడ్డులో పెట్టి తాళం ఎట్టీసినాడు బావా మా కలప సావుకారు ఊ ఫో మ్యా. ఈళ్ళ బాసలో 'కో' అంటే అన్న. 'కో పైడయ్యా, లైసెన్సుంటే బండి నీది, నేకపోతే తాళం నాది' అన్నాడు. ఇది మాత్రం నానే ఇప్పి తెచ్చుకున్నాను, బెంగ తీరక."

దారిలో ఒకసారి ఆ బుడ్డి నొక్కాడు. ఒక ఎద్దుబండి అడ్డు తప్పుకుంది. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బోటాటౌంగ్‌లో వాడి గదికి చేరాం. ఇరుగుపొరుగంతా రేవు కూలీలూ, రిక్షావాళ్ళూ, మన శ్రీకాకుళం వైపు వాళ్ళే. వీధిలో బర్మా ఆవిడ అమ్మే మొహింగా అనే చేపల పులుసు సేమ్యా రెండు గిన్నెలు తిన్నాక, అసలు సంగతి చెప్పమన్నాను.

"ఏటుంది బావా! పగోడా రోడ్డు మీద పెట్రోలు అయిపోనాది. బండి ఆగిపోనాది. మన సింహాద్రి రిచ్చావోళ్ళు అక్కడే సుట్టలు కాల్చుకుంటన్నారు. కింద ఇరుసుకి తాడు కట్టీసి నాగీసినారు. అంతే."

"అంతేనా?"

"అంతే. కాపోతే కూసింత గట్టిగా నాగినారు."

ఆ కూసింతే కొంప ముంచింది. రంగూన్‌లో మోటారు తోలే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. సార్జెంటు ఒక చెట్టు చాటున గడియారం పట్టుకుని నిలబడతాడు. ఇంకో జవాను కొంత దూరాన జేబురుమాలు ఊపుతాడు. మధ్య దూరం ఎంత సేపట్లో దాటావో లెక్క కట్టి చీటీ రాస్తారు. డ్రైవర్లకు దీనికి విరుగుడు ఉంది: ఎదురొచ్చే డ్రైవరు తలపాగా సర్దుకున్నాడంటే ముందు సార్జెంటు పొంచి ఉన్నాడని అర్థం. నేను ఉన్న రోజుల్లో కొన్ని వీధులు మొత్తం తలపాగాలు సర్దుకుంటూనే కనిపించాయి. జట్కాలో పోతున్న దొరసాని కూడా టోపీ సర్దుకుంది. ఆవిడ ఎవరిని హెచ్చరించిందో ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు మాత్రం పైడయ్యకు ఎవరూ తలపాగా సర్దలేదు. పల్లంలో బండి ఊపందుకుంది. సార్జెంటు ఈల ఊదాడు. బండి ఆగలేదు. అతను పరిగెత్తి చేరేసరికి తాడు విప్పేసి, రిక్షావాళ్ళు బేరాలకు వెళ్ళిపోయారు. మిగిలింది రోడ్డు పక్కన ఆగిన బండీ, అందులో కూర్చుని చెమట తుడుచుకుంటున్న పైడయ్యా.

మర్నాడు పది గంటలకు కోర్టు. మేజిస్ట్రేటు దొర మీసాలు రెండు వైపులా తిరిగి ఉన్న మనిషి, భారీ శరీరం. పక్కన దుబాసీ నరసింహం గారు, కాకినాడ ఆయన, మాట్లాడితే తమలపాకు మీద సున్నం రాసినంత మెత్తగా మాట్లాడతారు. సార్జెంటు బోను ఎక్కి చెప్పాడు: మోటారు గంటకు ముప్పై మైళ్ళ వేగంతో వచ్చిందట. అంతటితో ఆగలేదు. దాని ముందు పన్నెండుమంది కూలీలు ప్రాణభయంతో అరుస్తూ పరిగెత్తడం కళ్ళారా చూశాడట! జనాన్ని తరిమినందుకు వేరే శిక్ష కూడా వెయ్యాలట.

నేను లేచాను. "దొరవారూ, వాళ్ళు మోటారుకు భయపడి పరిగెత్తలేదు. వాళ్ళు పరిగెత్తబట్టే మోటారు వచ్చింది!"

నరసింహం గారు అది ఇంగ్లీషులో చెప్పారు. దొర ముందు నవ్వాడు, తరవాత మీసం దువ్వాడు, తరవాత తీర్పులాంటిది ఒకటి అన్నాడు: మనుషులు లాగి మోటారును ఆ వేగానికి తేగలరంటే నమ్మను; సాయంత్రం నాలుగింటికి అదే చోట లాగి చూపించండి; చూపించలేకపోతే లైసెన్సు అక్కడే చింపేస్తాను. బండిలో తానే కూర్చుంటానన్నాడు.

పైడయ్య మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. నాకు మాత్రం గాలిలో తేలుతున్నట్టుంది. మన మాట మీద దొర మోటారెక్కడం మాటలా!

నాలుగింటికి పగోడా రోడ్డు తిరనాళ్ళలా ఉంది. దొర ఉత్తరువు మీద షెడ్డులోంచి బండి తెప్పించి, పెట్రోలు ట్యాంకు ఖాళీ చేశారు. ఇంజను ప్లగ్గులు ఊడదీసి దొర తన జేబులో వేసుకున్నాడు. వెనక సీట్లో దొర, పక్కన నరసింహం గారు. ముందు స్టీరింగు దగ్గర పైడయ్య, పక్కన నేను. పల్లం మొదట్లో జవాను జేబురుమాలుతో, దిగువన సార్జెంటు గడియారంతో. సింహాద్రి, నల్లగా నిటారుగా ఉన్న మేస్త్రీ, పదకొండుమందితో తాడు భుజాన వేసి పాట ఎత్తుకున్నాడు.

"రామ రామ అనరండీ..." 

"హైలెస్సా!" 

"రాజుగోరు సల్లగుండా..." 

"హైలెస్సా..."

బండి కదిలింది. కదిలిందనే చెప్పాలి. ఒక ఎద్దుబండి మమ్మల్ని దాటిపోయింది. తరవాత బుట్ట నెత్తిన పెట్టుకున్న మొహింగా ఆవిడ దాటిపోయింది, పోతూ పోతూ గిన్నెడు కావాలా అని అడిగింది. దొర జేబులోంచి పైడయ్య లైసెన్సు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

నేను దూకి సింహాద్రి దగ్గరికి పరిగెత్తాను. "ఏమైందిరా? ఆ రోజు ఇదే పాటా?"

"అదెలాగ బాబూ? ఆ రోజు పైడిగాణ్ణి, ఆడి బండిని, ఆడి అత్తోరిని తిట్టుకుంటా నాగినాం. బరువుని తిట్టకపోతే కదల్దు గదా!"

అప్పుడు తట్టింది. మన రేవు కూలీల ఆచారమే అది. మూటనైనా, దూలాన్నైనా, మనిషినైనా ముందు పాటలో కడిగేయాలి. తిట్టిన బరువు సిగ్గుపడి తేలికవుతుంది, పొగిడిన బరువు పొంగి కూర్చుంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, బండి మాత్రం కదలదు.

"మరి తిట్టండిరా!"

"ఎవుల్ని? బండిలో బరువు దొరే గదా! ఆరిని తిడితే మా పన్నెండుగుర్నీ జైల్లో ఎట్టీరా? నీకేటి, రేపో మాపో ఓడెక్కీసి ఎలిపోతావు."

న్యాయమైన మాటే. నేను తిరిగొచ్చి దొర ముందు చేతులు కట్టుకున్నాను. "ప్రభువులకు మనవి. తమరిని తిట్టడానికి అనుమతి కావాలి."

నరసింహం గారు నా మొహం చూశారు, ఆకాశం చూశారు, తరవాత కళ్ళు మూసుకుని అనువాదం చేశారు. దొర మీసం ఒక వైపు దువ్వాడు, రెండో వైపు దువ్వాడు. ఒక్కసారి పగోడా గంటలు వినిపించాయి. చివరికి అన్నాడు: "సరే. బండి ఆగేదాకా ఎంతైనా తిట్టవచ్చు. ఆగిన తరవాత ఒక్క మాట అన్నా కోర్టు ధిక్కారం. అయితే ప్రతి చరణం అర్థం నాకు చెప్పాలి."

సింహాద్రి మొహం దీపావళి అయింది. తుండుగుడ్డ బిగించాడు, నేను మళ్ళీ బండెక్కాను.

"కోడిపుంజు మీసమోడు!" 

"హైలెస్సా!" 

"గుమ్మడికాయ బొజ్జోడు!" 

"హైలెస్సా!" 

"కూకున్నాడు, నెగనేడు!" 

"హైలెస్సా!" 

"ఈణ్ణి ఓడ ఎలా మోసినాదో!" 

"హైలెస్సా! హైలెస్సా!"

బండి దూకింది. వెనక నుంచి నరసింహం గారి గొంతు వినిపిస్తోంది: తమ మీసం కుక్కుటరాజులా శౌర్యంగా ఉందంటున్నారు, తమ ఉదరం సుభిక్షానికి గుర్తట, తమ రాకతో సముద్రమే ధన్యమైందట! దొర, "బాగుంది, బాగుంది," అంటూ పాదంతో తాళం వేస్తున్నాడు. రోడ్డు పక్క జనం చప్పట్లు. చెట్లు వెనక్కి పరిగెత్తుతున్నాయి. దొర టోపీ లేచి ఒక సన్యాసి గొడుగు మీద వాలింది. నా తలపాగా విడిపోయి వెనక జెండాలా ఎగిరింది. మా నీడ మమ్మల్ని అందుకోలేక ఒక దీపస్తంభం దగ్గర ఆగి రొప్పడం నేను స్వయంగా చూశాను.

పల్లం మొదలైంది. అప్పుడు నవ్వు ఆగింది. బండి వాళ్ళకంటే వేగంగా వెళ్ళసాగింది. తాడు వదులై నేల మీద పాములా పడింది. పన్నెండుమంది వీపులు చక్రాల ముందుకు వచ్చేస్తున్నాయి. సింహాద్రి వెనక్కి చూసి పాట మింగేశాడు.

పైడయ్య కేక పెట్టలేదు. చేతి బ్రేకు కొంచెం కొంచెంగా బిగిస్తూ, బండి పక్కకు జారకుండా స్టీరింగును పసిపిల్ల తల పట్టుకున్నట్టు పట్టుకుని, తాడు మళ్ళీ బిగిసేంత వరకు మాత్రమే వేగం తగ్గించాడు. ఒక్కడి మడమకైనా టైరు తగల్లేదు.

"ఆపీకండి! పాడండెహె! నానున్నాను!" అన్నాడు. పాట మళ్ళీ లేచింది.

రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ సార్జెంటుకు ఈ బ్రేకు సంగతి తెలియదు. ముందు పన్నెండుమంది, వెనక మోటారు, అందులో మేజిస్ట్రేటు తన మీదికే వస్తుంటే చూసి, మీట నొక్కుకుపోయేంత గట్టిగా గడియారం గుప్పిట్లో బిగించి వెనక్కి తిరిగి పరుగు లంకించుకున్నాడు. అరుస్తూ కూడా.

బండి ఆగింది. అందరి నోళ్ళూ ఒకేసారి మూతపడ్డాయి. ధిక్కారం గుర్తుంది కదా! దొర దిగి, మీసం దువ్వుకుని, సార్జెంటు గడియారం చూశాడు. ముళ్ళు ఆగిన చోటు చూసి లెక్క కట్టాడు. ముప్పై మైళ్ళకు పైనే.

తీర్పు అక్కడే రోడ్డు మీద చెప్పాడు, నరసింహం గారు తెలుగు చేశారు: "ఇంజను ఆడని బండి మోటారు కాదు, లాగుడు బండి. మనుషులు ఇంత వేగంతో పరిగెత్తరాదని ఏ చట్టంలోనూ లేదు. బండికి భయపడి పారిపోయినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను, అతను యూనిఫారంలో ఉన్నాడు. ఇంకొక మాట. ఆ పల్లంలో బ్రేకు పట్టిన చేతులు చూశాను. ఈ లైసెన్సు ఆ చేతుల్లోనే ఉండాలి."

పైడయ్య లైసెన్సు రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. సింహాద్రి నా చెవిలో, "ఇప్పుడు పొగడొచ్చా బాబూ?" అని అడిగాడు. వద్దన్నాను, దొర ఇంటిదాకా నడిచి వెళ్ళాలి కదా, బరువెక్కుతాడు.

వచ్చే స్టీమరుకు నా టిక్కెట్టు. ఊ ఫో మ్యా తాళం ఇచ్చేశాడు గనక పైడయ్య నన్ను మోటారులోనే రేవుకు బయల్దేరదీశాడు. రేవు దగ్గరే. అయినా గంట ముందు బయల్దేరాం. వాడు ప్రతి సందు దగ్గరా ఆపి రెండు వైపులా చూశాడు. కుక్క అడ్డొస్తే అది నిద్ర లేచేదాకా ఆగాడు. నేను దిగి, కిళ్ళీ కట్టించుకుని, నడిచి వచ్చి మళ్ళీ ఎక్కాను.

"ఒరే, ఓడ కూత వేస్తోందిరా!"

"ఎయ్యనీ బావా. దానికి లైసెన్సు నేదు, నాకున్నాది," అన్నాడు హాయిగా.

చివరికి ట్రంకు నెత్తిన పెట్టుకుని పరిగెత్తి ఓడ పట్టుకున్నాను. ఒడ్డున పైడయ్య బండి దిగకుండా, మళ్ళీ బండికి బిగించిన హారను బుడ్డి నొక్కుతూ ఉండిపోయాడు.

వెళ్ళేవాళ్ళకు రంగూన్ గురించి చెప్పవలసింది ఇంతే: తిండి మంచిది, చట్టం గట్టిది, నడిపేవాళ్ళు మనవాళ్ళు. డెక్కు మీద ఒక పలాస పెద్దమనిషి చాప పరుచుకుంటూ అడిగాడు, "పగోడా సూసినారా? బంగారం గోపురమంట గదా?"

"చూశాను, ఆ పల్లంలో మోటారులోంచే," అన్నాను. "చాలా గొప్పగా ఉంది. కాని కాస్త అలుక్కుపోయినట్టు కడతారెందుకో!"